సగం నది

మార్చి వచ్చిందంటే ఫెల్డింగ్‌లో మగవాళ్ళు ద్రాక్షతీగలు కత్తిరిస్తారు, ఆడవాళ్ళు కడతారు. ఎప్పట్నించో ఉన్న పంపకం అది. కత్తెర పడ్డ చోట తీగ కన్నీరు పెట్టుకుంటుంది. రోజంతా బొట్టు బొట్టుగా కారుతూనే ఉంటుంది. ఆ తడిలోనే ఆడవాళ్ళు, తొట్టిలో నానేసిన విల్లో చెట్టు బరికల కట్ట నడుముకి చుట్టుకుని కొండెక్కి, ఒక్కో కొమ్మనీ గుండ్రంగా వంచి గుంజకి కట్టేస్తారు. ఒక మెలిక, ఒక ముడి, కొస లోపలికి దోపడం. పొద్దున్నించి పొద్దుగూకేదాకా అదే పని. సాయంత్రానికి వేళ్ళు పగిలి, సూప్‌లో ఉప్పు తగిలినా చుర్రుమంటాయి.

ఒడీలియకి ఇరవయ్యేడేళ్ళు. పెళ్ళి కాలేదు. ఆమె కట్టిన ముడి విడదు.

పెద్దగాలి వచ్చిన ఏడు కొండమీద తీగలన్నీ ఊడిపోయి జుట్టు విరబోసుకున్నట్టు వేలాడుతుంటే, ఆమె కట్టిన రెండు వరసలూ బడిపిల్లల్లా బుద్ధిగా నిలబడి ఉన్నాయి. అప్పట్నించీ చర్చి గంటకి తాడు కట్టాలన్నా ఆమే, బొడ్డు కొయ్యబోయే ముందు దారం వెయ్యాలన్నా ఆమే. బాబెత్ అత్త తన బాతుల దొడ్డి తలుపు కూడా ఆమె చేతే కట్టించుకుని, "నక్కలు ఇక వేరే ఊరు చూసుకోవాలి" అని ఊరంతా చెప్పుకొచ్చింది.

విప్పడానికి ఒకటే దారి. ఎవరిని కట్టిందో వాళ్ళకి ఒడీలియ తన నోటితో చెప్పాలి, కట్టింది నేనే అని. చెబితే దానంతట అదే జారిపోతుంది. తీగలకైతే చలికాలంలో ఒక్కో గుంజ దగ్గరా ఆగి చెప్పేది. మనుషుల్ని కట్టింది ఒక్కసారే. ఇంటి పట్టున ఉంచమని సారాకొట్టు పిట్ మామ భార్య బతిమాలితే, ఆయన బూటు తాడు బల్లకాలికి కట్టేసింది. పిట్ ఒకటిన్నర రోజు అక్కడే కూర్చుని, కత్తి తెప్పించి, గొడ్డలి తెప్పించి, చివరికి ఏడుపు మొహం పెట్టాడు. ఒడీలియ వెళ్ళి "మామా, కట్టింది నేనే" అనగానే జారిపోయింది. పిట్ లేచి నిలబడి, "నువ్వని తెలిస్తే ముందే తిట్టి ఉందును కదే" అన్నాడు. అంతే, ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు.

అందరికీ తెలిసిన ముడులు ఇవి. ఎవరికీ తెలియనిది ఇంకొకటి ఉంది.

నాలుగేళ్ళ కిందట, తల్లిని మట్టి చేసిన వారానికి, తమ్ముడు క్లోస్ అన్నాడు, "అక్కా, నేను అవతలికి వెళ్తా. ఇనుము ఫ్యాక్టరీలో తీసుకుంటున్నారట." అవతల అంటే ఎంతో దూరం కాదు. మా నదికి ఈ ఒడ్డు జర్మనీ, ఆ ఒడ్డు లక్సెంబర్గ్, మధ్యలో నీళ్ళు ఇద్దరివీ. ఎండాకాలంలో ఆవులు నడిచి దాటేస్తాయి. అవతలి రేవులో లియోనీ అనే అమ్మాయి కూడా ఉంది, ఆ సంగతి వాడు చెప్పలేదు, ఆమె అడగలేదు.

"వెళ్ళిరా" అంది ఒడీలియ. దారిలో తినడానికి రొట్టె కట్టి ఇచ్చింది, మధ్యలో పందికొవ్వు కాస్త ఎక్కువే రాసింది. వాడు బూట్లకి మైనం రాసుకుంటుండగా దువ్వెనలోంచి వాడి వెంట్రుక ఒకటి తీసింది. కొండమీదికి వెళ్ళి, అన్నిటికంటే పైన ఉన్న ముసలి ద్రాక్షమొదలుకి దాన్ని విల్లో బరికతో కలిపి కట్టింది. ఖాళీ ఇంట్లో ఒక్కతే కూర్చుని సూప్ తాగలేననిపించింది. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు. ఉందని ఆ తర్వాత చాలాసార్లు తనకి తాను చెప్పుకుంది గానీ, లేదు.

మర్నాడు వాడు పడవెక్కాడు. నది మధ్యకి వెళ్ళేసరికి పడవ ముక్కు, సాయంత్రం కొట్టానికి మళ్ళే ఆవులా, వెనక్కి తిరిగింది. తెడ్డు వేసినకొద్దీ ఈ ఒడ్డుకే వచ్చింది. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. మూడోసారి రేవులో జనం పోగయ్యారు. వాడు రొట్టెమూట దించుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి నడిచాడు.

అక్క ముడి అని ఎవరికీ తట్టలేదు. రొట్టె కట్టిచ్చింది ఆవిడే కదా! తండ్రి యుద్ధంలో పోయాడు, ఆ భయం బిడ్డకి పుట్టుకతోనే వచ్చిందన్నారు. సగం నది క్లోస్ అని పేరు పెట్టారు. కొన్నాళ్ళకి వాడూ ఆ పేరుకి పలకడం మొదలుపెట్టాడు. నది మధ్యలో చేపల బుట్ట వేసుకుని, రోజూ పది గంటలకి వెళ్ళి, బుట్ట ఎత్తి, చేపలు తీసుకుని వచ్చేవాడు. అంతవరకే. లియోనీ మూడు ఆదివారాలు అవతలి రేవులో నిలబడింది. నాలుగో ఆదివారం రాలేదు.

ఒడీలియ మాత్రం ఆ నాలుగేళ్ళూ వాడికి ఎండు ప్లమ్ పళ్ళు వేసి బంగాళదుంప సూప్ చేసి పెట్టింది. ఎదురుగా కూర్చుని వాడు తాగడం చూసింది. సుఖంగానే ఉంది. ఆ సుఖమే ఆమెకి గొంతులో ముల్లులా ఉండేది.

అలా ఉండగా మార్చి ఏడో తారీఖు శనివారం, మధ్యాహ్నం, పిట్ సారాకొట్టులో రేడియో అరవడం మొదలుపెట్టింది. యుద్ధం అయ్యాక మా ఒడ్డున మా దేశపు సిపాయి అడుగు పెట్టకూడదని గెలిచిన పెద్ద దేశాలు కాగితం రాసుకున్నాయి. ఆ కాగితం ఇక చెల్లదని బెర్లిన్‌లో గద్దె మీదున్న ఆయన చెప్పేశాడు. దండు రైన్ నది దాటి ట్రియర్ పట్నం దాకా వచ్చేసిందని రేడియో చెబుతుంటే, జనం పూలు జల్లుతున్న చప్పుడు కూడా వినిపించింది, పూలకి చప్పుడు ఉంటే.

పిట్ జెండా కిటికీలోంచి వేలాడదీసి, బయటికొచ్చి, "వచ్చేస్తున్నారు! మనవాళ్ళు వచ్చేస్తున్నారు!" అని కేకపెట్టాడు.

బాబెత్ అత్త బాతులకి నూక వేస్తూ తలెత్తింది. "వచ్చేవాళ్ళు తిండి తెచ్చుకుంటున్నారా, మన దగ్గర తింటారా?"

"నీకు తిండి గోలేనా అత్తా? దేశం తలెత్తుకుంటోంది."

"ఎత్తుకోనీరా. నా మొగుడు కూడా తలెత్తుకునే వెళ్ళాడు. తల తప్ప మిగతాది వచ్చింది."

పిట్ తమ్ముడు కూడా ఆ యుద్ధంలోనే పోయాడు. అయినా ఆయన జెండా తియ్యలేదు.

వారం తిరక్కుండా మా ఊరికి ఒక హవల్దారు, ఎనిమిది మంది సిపాయిలు, నాలుగు గుర్రాలు వచ్చాయి. పూలు జల్లడానికి ఆ పాటికి పూలు పుయ్యలేదు, అందుకని పిట్ భార్య రిబ్బన్లు ఇచ్చింది. ఊళ్ళో పడవలన్నిటి మీదా సున్నంతో నంబర్లు వేశారు. అవతల తోటలున్నవాళ్ళు చీటీ చూపించి పగటిపూట దాటొచ్చు. దండులో చేరమని పిలుపు కాగితం వచ్చిన మగవాడు మాత్రం దాటకూడదు. రేవులో రైమార్ అనే సిపాయిని కాపలా పెట్టారు. ఎక్కడో తూర్పున బీట్ల పొలాల మధ్య పుట్టినవాడు, కొత్త బూట్లు కరిచి మడమలు రెండూ పచ్చిపుళ్ళు. బాబెత్ అత్త మొదటి రోజు వాణ్ణి చూసి "దొంగచూపుల వెధవ" అంది, రెండో రోజు మడమలకి బాతుకొవ్వు పూసింది, మూడో రోజు నుంచి బంగాళదుంప అట్లు తెచ్చి పెట్టింది.

క్లోస్ పడవ పదకొండో నంబరు. వాడు మొదటిసారి బుట్ట ఎత్తడానికి బయల్దేరితే రైమార్ అడ్డం నిలబడ్డాడు. పిట్ పక్కనే ఉన్నాడు. కడుపు పట్టుకుని నవ్వాడు.

"వాణ్ణి ఆపుతావేం సారూ? వాడు సగం నది క్లోస్! మధ్య దాటడు. దాటలేడు. ఊళ్ళో ఎవర్నైనా అడుగు."

రైమార్ ఊళ్ళో అడిగాడు. అందరూ అదే చెప్పారు. క్లోస్ మధ్యకి వెళ్ళి తిరిగి రావడం కళ్ళారా చూశాడు. ఆ తర్వాత అడ్డం రాలేదు. హవల్దారుతో కూడా "ఆ చేపలవాడు ఫరవాలేదు సార్, నీళ్ళకి భయం" అన్నాడు. హవల్దారు నవ్వి, "దండులోకి వస్తే భయం పోతుందిలే" అన్నాడు.

ఇరవయ్యారో తారీఖున క్లోస్‌కి పిలుపు కాగితం వచ్చింది. ముప్పయ్యో తారీఖు సోమవారం ఉదయం ట్రియర్‌లో హాజరు కావాలి. క్లోస్ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, ఉప్పు డబ్బా కింద పెట్టాడు.

"వెళ్తావా?" అంది ఒడీలియ.

"వెళ్ళక ఏం చేస్తాను?"

"నీకు ఇష్టమేనా?"

వాడు చెంచాతో సూప్‌లో ప్లమ్ పండుని అటూ ఇటూ తోశాడు. "నాన్న ఉత్తరాలు అమ్మ చదివి వినిపించేది గుర్తుందా? నాకు అవి చాలు అక్కా. అదృష్టం ఉన్నవాడైతే ఈ పాటికి దాటేసేవాడు. నది నన్ను పోనివ్వదు. పిరికివాడికి తుపాకీ ఇస్తే ఏమవుతుందో, చూద్దాం."

పిరికివాడు అన్న మాట వాడు తన గురించి ఎంత మామూలుగా అన్నాడో! రొట్టె ముక్క ఇటివ్వు అన్నంత మామూలుగా. ఒడీలియ లేచి పొయ్యిలో లేని మంటని ఎగదోసింది.

మర్నాడు ఇద్దరూ కొండమీద పైవరసలో ఉన్నారు. వాడు ముందు కత్తిరిస్తూ, ఆమె వెనక కడుతూ. మధ్యాహ్నం ఎండ బాగా కాసింది. తీగలన్నీ కారుతున్నాయి. ముసలి మొదలు దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి. కింద రేవులో రైమార్ తుపాకీ మోకాళ్ళ మధ్య పెట్టుకుని అట్టు తింటున్నాడు. ఇంత పైనుంచి చూస్తే గోరంత ఉన్నాడు.

"క్లోస్."

"ఊఁ."

"నీ పడవని తిప్పేది నది కాదు. ఇదిగో, ఇది. కట్టింది నేనే."

వాడు ముందు నవ్వాడు. తర్వాత వంగి చూశాడు. నాలుగు చలికాలాల నల్లటి బరిక, దాని మెలికలో ఎండకి మెరిసే సన్నటి వెంట్రుక. వాడు చూస్తుండగానే ముడి జారి, బరిక పురుగులా మెల్లిగా సాగి, నేలమీద పడింది. ఇంకేమీ జరగలేదు. ఎక్కడో కోడి కూసింది.

"ఎప్పుడు?" అన్నాడు.

"నువ్వు రొట్టె మూట కట్టుకున్న రోజు."

"రొట్టె నువ్వే ఇచ్చావు."

"నేనే ఇచ్చాను."

వాడు కత్తెర మూసి, తెరిచి, మూశాడు. "ఫాదర్‌గారి దగ్గర పాపాలు చెప్పుకున్న ప్రతిసారీ నేను పిరికివాణ్ణని చెప్పుకున్నానే అక్కా. ప్రతి శనివారం. ఆయన పాపం, ప్రార్థనలు చెప్పమనేవాడు. చెప్పేవాణ్ణి." గొంతు పెరగలేదు. "లియోనీ అవతల నిలబడి అరిచింది, ఈదుకుంటూ రా అని. ఈదినా మధ్యలోంచి వెనక్కే వచ్చాను. అది చూసి ఏమనుకుందో తెలుసా? నాకిష్టం లేదనుకుంది."

"తెలుసు."

"తెలుసా?"

"రేవులోనే ఉన్నాను. చూశాను."

కొడతాడేమో అనుకుంది. కొడితే బాగుండునని కూడా అనుకుంది. వాడు కొట్టలేదు, ఏడవలేదు. వరస చివరిదాకా ఒకసారి చూశాడు, ఇంకా పద్నాలుగు మొదళ్ళున్నాయి.

"వరస పూర్తి చేద్దాం" అన్నాడు. "సగంలో వదిలేస్తే పిట్ మామ పదేళ్ళు చెప్పుకుంటాడు."

పూర్తి చేశారు. వాడు కత్తిరించాడు, ఆమె కట్టింది. మామూలు ముడులే వెయ్యాలని ఎంత ప్రయత్నించినా ఆమెకి అవి చేతకాలేదు.

శనివారం ఉదయం వాడు చొక్కామీద చొక్కా వేసుకుని, పైన చేపల వాసన కొట్టే పాత కోటు తొడుక్కున్నాడు. మూట పట్టుకోలేదు. బార్లీ కాఫీ తాగి కప్పు కడిగి బోర్లించాడు. ఎప్పుడూ కడిగేవాడు కాదు.

"నన్ను తిట్టనైనా తిట్టురా" అంది గడపలో.

"తీరిక దొరికితే ఉత్తరంలో తిడతా." రెండడుగులు వేసి ఆగాడు. "ఒకటి మాత్రం గుర్తు పెట్టుకో. దాటించింది నువ్వనుకోకు. నువ్వు అడ్డం తీశావు, అంతే. దాటేది నేను."

"సరే."

"సూప్ ఒక్కదానివే చేసుకు తాగడం కష్టం. బాబెత్ అత్తని పిలువు. అరుస్తుంది గానీ బాగా తింటుంది."

పది గంటలకి రేవులో ఎప్పుడూ ఉండేవాళ్ళే ఉన్నారు. బాబెత్ అత్త అట్ల పళ్ళెంతో, పిట్ ఖాళీ పీపాలతో, తొట్టి దగ్గర బరికలు నానేస్తున్న నలుగురు ఆడవాళ్ళు. హవల్దారు గుర్రాలకి గడ్డి కోసం ఎగువ ఊరికి వెళ్ళాడు. ఒడీలియ ఆడవాళ్ళ పక్కన కూర్చుని, చేతికి పని కావాలి కాబట్టి బరికల బెరడు గీకుతోంది. రైమార్ క్లోస్‌కి చెయ్యూపి, "పెద్ద చేప తే" అన్నాడు.

పడవ బయల్దేరింది. నీళ్ళు నిండుగా ఉన్నాయి, ఎండ వాటిమీద చిల్లరలా పడుతోంది. బుట్ట దగ్గరికి, నది మధ్యకి వెళ్ళింది.

"ఇప్పుడు తిరుగుతుంది చూడు" అన్నాడు పిట్, అలవాటుగా.

తిరగలేదు. ఆగింది. క్లోస్ తెడ్లు పైకి ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. వాటి కొసలనుంచి నీళ్ళు కారడం ఒడ్డుదాకా కనిపించింది. పడవని వెనక్కి లాగేది ఏమీ లేదు. ముందుకి తోసేదీ లేదు. నాలుగేళ్ళలో వాడి చేతులకి ఈ సగమే తెలుసు, ఆ సగంలో నీళ్ళు ఎలా ఉంటాయో వాటికి తెలియదు. వాడు ఈ ఒడ్డుకేసి చూశాడు. ఒడీలియ గొంతులోకి పిలుపు వచ్చేసింది. రమ్మనా, పొమ్మనా, ఆమెకే తెలియదు. పెదవి లోపల కరుచుకుని బెరడు గీకింది. ఎరుపు బెరడు, లోపల తెల్లటి పుల్ల.

తెడ్డు నీళ్ళలో పడింది. ఒకటి. ఇంకొకటి.

రైమార్ లేచి నిలబడ్డాడు. "పడవ తిరగలేదేం?"

వాడి చెయ్యి తుపాకీ పట్టీ మీదికి వెళ్ళింది. అందరూ పిట్‌ని చూశారు. జెండా వేలాడదీసింది ఆయనే, రేడియో ఆయనదే, నోరు కూడా ఊళ్ళోకెల్లా పెద్దది ఆయనదే. పిట్ మొహం పీపా రంగులోకి వచ్చింది. నదిని చూశాడు, సిపాయిని చూశాడు, ఒడీలియని చూశాడు. ఆమె వేళ్ళు చూశాడు. ఏదో అర్థమైనట్టు నోరు తెరిచాడు.

"తిరుగుతుంది సారూ" అన్నాడు. "ఇంకా మధ్య రాలేదుగా."

"రాలేదా? రోజూ ఆ బుట్ట దగ్గరే కదా..."

"బుట్ట కొట్టుకుపోయింది నాయనా" అంది బాబెత్ అత్త. "మార్చిలో నీళ్ళెక్కువ. మధ్య అటు జరుగుతుంది."

"ఎంత జరుగుతుంది?"

"అది ఏడాదిని బట్టి" అంది తొట్టి దగ్గరి ఒకావిడ, తలెత్తకుండానే.

"పోయినేడు అయితే ఇంకా జరిగింది" అంది రెండో ఆవిడ. "ఆ తెల్ల రాయి దాకా."

"రాయి దాటి కూడా జరిగింది లేవే."

పడవ తెల్ల రాయి దాటింది. అవతలి ఒడ్డుకి దాని ముక్కు తగిలిన చప్పుడు, తలుపు తట్టినట్టు, ఇవతల అందరికీ వినిపించింది.

"ఆఁ" అన్నాడు పిట్, చెమట తుడుచుకుంటూ. "మధ్యకి దగ్గర పడ్డట్టుంది."

క్లోస్ గట్టుమీదికి అడుగు పెట్టాడు. రెండు చొక్కాల్లో కాస్త లావుగా, కాస్త వంకరగా నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూడలేదు. అవతలి కొండమీద కూడా ఆడవాళ్ళు తీగలు కడుతున్నారు. ఆ వరసల మధ్య నుంచి పైకి నడవడం మొదలుపెట్టాడు. వాళ్ళలో ఒకరు వాడికి ఏదో చెప్పి దారి చూపించారు.

రైమార్ తుపాకీ భుజాన్నించి దించలేదు, ఎత్తనూ లేదు. కాగితం వచ్చినవాణ్ణి దాటనిచ్చిన సిపాయికి ఏమవుతుందో వాడికి ఇక్కడున్న అందరికంటే బాగా తెలుసు. ఒడీలియ దగ్గరికి కుంటుతూ వచ్చాడు. అంత దగ్గరనుంచి చూస్తే ఇరవై ఏళ్ళు కూడా ఉండవు.

"అక్కగారూ, మీరు చెప్పండి. మీ తమ్ముడు మధ్య దాటాడా?"

ఆమె బరిక కింద పెట్టింది. నాలుగేళ్ళు నోరు మూసుకుని ఒక అబద్ధం ఆడింది. అది వాణ్ణి ఇక్కడ పట్టి ఉంచడానికి. ఇప్పుడు నోరు తెరిచి, పదిమంది వినేటట్టు ఇంకొకటి ఆడాలి.

"ఇంకా లేదండి" అంది. "మధ్యలోనే ఉన్నాడు."

రైమార్ అవతలి కొండవైపు చాలాసేపు చూశాడు. అక్కడ రెండు చొక్కాల మనిషి వరస చివరికి వెళ్ళి, మలుపు తిరిగి, కనిపించకుండా పోయాడు. రైమార్ వెనక్కి వచ్చి తన ముక్కాలిపీట మీద కూర్చుని, నదికి వీపు పెట్టాడు. బాబెత్ అత్త అట్ల పళ్ళెం ముందుకి జరిపింది.

"ఈ నది ఇంత వెడల్పని" అన్నాడు ఒక అట్టు తుంపుతూ, "మాకు ఎవరూ చెప్పలేదు."